పెట్టపిల్లలే కావాలన్న పాపకు

చి. సౌ. పాపకు, పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నీ జాబు అందింది. దొడ్లో పది పెట్టలు తిరగాలి, తెచ్చే పిల్లలన్నీ పెట్టపిల్లలే అయ్యేట్టు ఎట్ల ఏరుకోవాలి అని అడిగినావు. ఒక్కరోజు నాటుపిల్లను అరచేతిలో పెట్టుకుని ఇది పెట్ట, ఇది పుంజు అని తేల్చడం నీ వల్ల కాదు, నా వల్ల కాదు, గంపలో పెట్టుకుని అమ్మేవాని వల్ల అసలే కాదు. "అన్నీ పెట్టలే ఇస్తానమ్మా" అని పిల్లకు పది రూపాయలు ఎక్కువ అడిగితే ఆ పది నీ కొంగులోనే ముడేసుకో.

మొన తేలిన కోలగుడ్డులో పుంజు, గుండ్రటి గుడ్డులో పెట్ట ఉంటుందని మీ అత్తమ్మ అంటుందని రాసినావు. ఆమెకు ఎదురు చెప్పొద్దుగానీ ఆ లెక్కన గుడ్లు ఏరొద్దు. గుడ్డు ఆకారం ఆ పెట్ట ఒంటి తీరును బట్టి వస్తుంది. ఒక పెట్ట ఏడాది పొడుగునా కోలగుడ్లే పెట్టినా అందులో దాదాపు సగం పెట్టలే లేస్తాయి. మనుషుల్లో ఆడా మగా తేల్చేది తండ్రి బీజమైతే కోళ్లలో తల్లి బీజం. పెంకు కట్టకముందే, పచ్చసొన దశలోనే ఆ సంగతి తేలిపోయి ఉంటుంది. పొదిగే వేడి పెంచినా, తగ్గించినా మారదు. దారానికి ఉంగరం కట్టి గుడ్డు మీద ఊపేది పిల్లకాయల ఆటకు బాగుంటుంది.

పెద్ద హేచరీల్లో, అంటే మిషన్లతో గుడ్లు పొదిగించే చోట్ల, మొదటి రోజే వేరు చేసేది నిజమే. పిల్ల వెనక ద్వారాన్ని మెల్లగా విప్పి లోపలుండే చిన్న బుడిపెను చూసి చెప్తారు. జపాన్ వాళ్లు కనిపెట్టిన విద్య అది, నేర్చుకోవడానికి నెలలు పడుతుంది, చేతకాని వేళ్లు నొక్కితే పిల్ల పేగు చెడి చస్తుంది. రెక్క ఈకల పొడుగు చూసి చెప్పేది ఇంకొకటి. అది అందుకోసమనే కలిపి తీసిన లేయర్ జాతుల్లోనే, అంటే గుడ్ల కోసం పెంచే ఫారం కోళ్లలోనే పనికొస్తుంది, నాటుపిల్లల్లో రెక్క చూస్తే బొమ్మా బొరుసూ వేసినట్టే. ఫారం లేయర్ హేచరీల్లో అట్ల వేరుచేసిన మగపిల్లలకు గిరాకీ ఉండదు. సైకిల్ మీద గులాబీ, పచ్చ, నీలం రంగులు పూసి వీధుల్లో అమ్మేవాటిలో ఎక్కువ అవే. అవి ఎంత చౌకైనా కొనొద్దు. గుడ్డు పెట్టవు, నాటుకోడి లెక్కన కండా పట్టవు, పైగా టీకా పడి ఉండదు.

అందుకే ఏరేపని మొదటి రోజు కాదు, రెండు నెలల తర్వాత. మొదటి రోజు ఏరాల్సింది ఆరోగ్యాన్ని. పది పెట్టలు కావాలంటే 25 పిల్లలు తెచ్చుకో. అందులో రెండు మూడు పోతాయి, ఎంత బాగా చూసుకున్నా పోతాయి, దానికి ఏడవొద్దు. మిగిలిన 22లో సగం, అంటే పదీ పదకొండు పెట్టలు. పుంజుపిల్లల్లో మంచిదాన్ని ఒకదాన్ని పెట్టుకుని మిగతావి నాలుగో నెలలో అమ్మితే మేత ఖర్చులో చానా వెనక్కొస్తుంది. జాతర ముందు వారం పుంజు ధర నీకు చెప్పాల్సిన పని లేదు. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలు. పిల్లలు తీయాలనే కోరిక లేకుంటే అదీ అక్కర్లేదు, పుంజు లేకున్నా పెట్ట గుడ్డు పెడుతుంది.

జాతి సంగతి. నాటుపెట్ట ఏడాదికి 60 నుంచి 80 గుడ్లు పెడుతుంది, మూడు నాలుగు విడతల్లో. గుడ్లు తక్కువేగానీ పొదుగుకు కూర్చుంటుంది, పిల్లల్ని గద్ద నుంచి కాపాడుకుంటుంది, పారేసిన గింజ ఏరుకుని బతుకుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉండే కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు తీసిన వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి పెరటికని తీసినవే. గ్రామప్రియ గుడ్ల కోడి, పెరట్లో మేత సరిగా వేస్తే 160 దాటి పెడుతుంది. వనరాజా మాంసానికీ గుడ్డుకూ, నూరు నూటపది వస్తాయి, బరువు మాత్రం తొందరగా పెరుగుతుంది. బెంగళూరు హెబ్బాళ్ పశువైద్య కళాశాలలో తీసిన గిరిరాజా కూడా మన అనంతపురం దిక్కు దొరుకుతుంది, అదీ బరువు కోడే. ఈ మెరుగుజాతులు పొదుగుకు కూర్చునేది అరుదు. నీకు నా మాట: ఇరవై గ్రామప్రియ పిల్లలు, అయిదు నాటుపిల్లలు. గుడ్లు అవి పెడతాయి, పొదిగేపని ఇవి చేస్తాయి. తెల్ల ఈకల ఫారం లేయర్లను దొడ్లో వదలొద్దు, గద్దకు అంత దూరం నుంచే కనపడతాయి, మన ఎండకు ఓర్వవు.

కాలం చూసుకో. వినాయక చవితికి, దీపావళికి నడుమ తెచ్చుకున్న పిల్లలు బాగా వస్తాయి. అప్పటికి ఉడుకు తగ్గి ఉంటుంది, పచ్చిక, పురుగు దొరుకుతుంది, ఎండలు ముదిరేలోపు ఈకలు నిండి ఒళ్లు గట్టిపడతాయి. ఉగాది తర్వాత తెస్తే కర్నూలు, నంద్యాల దిక్కు 42, 43 డిగ్రీల ఎండకు పిల్లలు నోరు తెరిచి వగరుస్తాయి, తినవు, పెరగవు. ఎండాకాలంలో సొంత గుడ్లు పొదిగేసినా సగం మురుగుతాయి. గుడ్డును ఉడుకులో నిల్వ పెడితే పొదుగుకు వేయకముందే లోపల పిండం కదిలి చచ్చిపోతుంది. ఆ రోజుల్లో అయిదు రోజులకు మించి దాచొద్దు, తడి ఇసుక పోసిన మట్టిచట్టిలో, మొనవైపు కిందికి పెట్టి గుడ్డ కప్పు.

కొనేటప్పుడు ఏం చూడాలంటే: బొడ్డు ఎండి మూసుకుని ఉండాలి. బొడ్డు తడిగా, నల్లగా, ఉబ్బి ఉంటే ఆ పిల్ల వారం దాటదు. వెల్లకిలా పడుకోబెడితే రెండు మూడు సెకన్లలో తిరగబడి లేవాలి. కాళ్లు మెరవాలి, ఎండిపోయి ముడతలు పడినట్టుంటే నీళ్లు తగ్గినాయని అర్థం. వెనకవైపు రెట్ట అంటుకుని ఉన్నదాన్ని, ముక్కు వంకర ఉన్నదాన్ని, వేళ్లు ముడుచుకున్నదాన్ని తీసి పక్కన పెట్టు. కాళ్లు చచ్చుబడే మారెక్స్ రోగానికి టీకా మొదటి రోజే హేచరీలో వేయాలి, ఇంటికి తెచ్చుకున్నాక వేసేది కాదు. వేసినారా అని అడుగు. వేయలేదంటే, లేదా నీళ్లు నమిలితే, ఇంకోచోట కొను. పొద్దుగూకినాకో తెల్లవారకముందో తెచ్చుకో. కడుపులో మిగిలిన పచ్చసొనతో పిల్ల రెండు మూడు రోజులు బతకగలదుగానీ బస్సు పైన ఎండలో పెట్టిన డబ్బాలో బతకలేదు. మొదటిసారి కాబట్టి భయమనిపిస్తే ఆరు వారాలు పెంచి అమ్మేవాళ్ల దగ్గర తెచ్చుకో. ధర ఎక్కువే, కానీ అప్పటికి పెట్టా పుంజూ కొంచెం తెలుస్తాయి కాబట్టి ఆ డబ్బు వృథా కాదు. సంతలో కోడిని మాత్రం దొడ్లోకి తేవొద్దు, రోగం అమ్ముకోవడానికే తెచ్చేవాళ్లు అక్కడ ఉంటారు. తప్పక తెస్తే మూడు వారాలు వేరే గంప కింద, వేరే నీళ్లగిన్నెతో.

పిల్లలు రాకముందే, ముందురోజే, చోటు తయారుగా ఉండాలి. 25 పిల్లలకు నాలుగడుగుల అడ్డకొలత ఉండే గుండ్రటి కంచె చాలు, అడుగున్నర ఎత్తు అట్టతోనో రేకుతోనో కట్టు. గుండ్రంగానే ఎందుకంటే మూల ఉంటే చలికి అక్కడ గుమిగూడి ఒకదాని మీద ఒకటి ఎక్కి కిందివి ఊపిరాడక చస్తాయి. కింద రెండంగుళాలు వరి ఊక పోయి. మనవైపు శనక్కాయ పొట్టు దొరుకుతుంది, అదీ వేయొచ్చు, కానీ బాగా ఎండింది, ముక్కిన వాసన లేనిది. బూజు పట్టిన పొట్టు మీద పిల్లల్ని వదిలితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి నోరు తెరిచి గస పోస్తాయి, దానికి మందు లేదు. మొదటి రెండు రోజులు ఊక మీద పాత గోనెపట్ట పరుచు. వార్తాపత్రిక పరిస్తే కాళ్లు జారి రెండువైపులా చీలిపోయి, ఆ పిల్ల ఇంగ లేవదు.

వేడి బల్బుతో ఇవ్వాలి. ఎల్‌ఇడి బల్బు పెట్టి "వెలుగుతా ఉంది కదా, ఎందుకు చచ్చినాయి" అనేవాళ్లు చానామంది. దాంట్లో వేడి రాదు, పాతరకం తీగబల్బే కావాలి. పిల్లకు రెండు వాట్ల లెక్క, నీకు 60 వాట్లు సరిపోతుందిగానీ ఒకటే పెట్టొద్దు, 40 వాట్లవి రెండు పెట్టు, ఒకటి పోయినా ఒకటుంటుంది. పిల్లల వీపుకు అడుగు ఎత్తున వేలాడదీసి మొదటి వారం 35 డిగ్రీలు ఉండేట్టు చూడు, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ బల్బు పైకి లాగు. ధర్మామీటర్ లేకున్నా పిల్లలే చెప్తాయి. బల్బు కింద కుప్ప పడి కీచుమంటే చలి. దూరంగా పోయి రెక్కలు వాల్చి నోరు తెరిస్తే వేడి ఎక్కువ. అంతా ఒకే పక్కకు చేరితే ఎక్కడినుంచో గాలి కొడుతోంది, తడిక చూడు. నలుదిక్కులా పరుచుకుని, కొన్ని తింటా కొన్ని నిద్రపోతా ఉంటే సరిగ్గా ఉంది. పగలు ఎండ ఉన్నప్పుడు బల్బు ఆర్పేయి, మర్చిపోవద్దు. కరెంటు పోతే కుండలో ఉడుకునీళ్లు పోసి, మూతి గట్టిగా కట్టి, గోనె చుట్టి నడుమ పెట్టు. బొగ్గుల కుంపటి మూసిన గదిలో పెడితే ఆ పొగకు తెల్లారేసరికి ఒక్కటీ మిగలదు.

వచ్చీరాగానే మేత వేయొద్దు, ముందు నీళ్లు. లీటరుకు 50 గ్రాముల బెల్లం కలిపి, నాలుగైదు పిల్లల ముక్కు ఆ నీళ్లలో తాకించు, మిగతావి చూసి నేర్చుకుంటాయి. గిన్నె లోతుంటే గులకరాళ్లు వేయి, లేకుంటే మునిగి చస్తాయి. రెండు మూడు గంటల తర్వాత సన్నగా మరపట్టిన జొన్న లేదా మొక్కజొన్న నూక గోనె మీద చల్లు, మరుసటి రోజు నుంచి స్టార్టర్ మేత, అంటే చిన్నపిల్లల కోసం బజార్లో అమ్మే మేత. రాత్రి పొద్దుపోయినాక మేతసంచి పట్టుకుని చూడు, అదే గొంతు కింద ఉండే తిత్తి, నిండుగా మెత్తగా తగలాలి. ఖాళీ తిత్తి పిల్లను ఏరి మళ్లీ నీళ్లు తాకించు.

మేత విషయంలో పొదుపు చేయొద్దంటే మొదటి ఎనిమిది వారాలే. ఆ ఎనిమిది వారాల్లో ఎముక గట్టిపడక, ఒళ్లు తగ్గి పెరిగిన పెట్టపిల్లకు తర్వాత ఎంత పెట్టినా ఆ లోటు తీరదు, గుడ్లు ఆలస్యం, గుడ్డు చిన్నది. పిల్ల మొదటి వారం రోజుకు 10 గ్రాములు తింటుంది, నాలుగో వారానికి 30, ఆరో వారానికి 40 పైన. 25 పిల్లలకు ఆరు వారాలకు ఇంచుమించు 30 కిలోలు పడుతుంది. బజారు స్టార్టర్ కొంటే పని తేలిక. ఇంట్లో కలపాలంటే పది కిలోలకు అయిదున్నర కిలోలు సద్దలో జొన్నలో మొక్కజొన్నలో పిండికి దగ్గరగా మరపట్టించినవి, 2.7 కిలోల సోయా చెక్క, కిలో మంచి తవుడు, అరకిలో ఎండుచేపల పొడి, పావుకిలో కోళ్ల ఖనిజ మిశ్రమం, 30 గ్రాముల ఉప్పు. ఉప్పుచేపలు వాడొద్దు, ఉప్పు ఎక్కువైతే పిల్ల నీళ్లు తాగి తాగి పలచగా రెట్ట వేసి పడిపోతుంది. దీంట్లో విటమిన్లు తక్కువ, కాబట్టి రెండో వారం నుంచి సన్నగా తరిగిన మునగాకు, తోటకూర రోజూ గుప్పెడు వేయి.

సోయాకు బదులు శనక్కాయ చెక్క వేస్తే చౌక కదా అని నీకు అనిపిస్తుంది, మన ఊళ్లో గానుగ పక్కనే ఉంది కాబట్టి. పెద్ద కోళ్లకు తాజాది కొంచెం పరవాలేదు, పిల్లలకు వద్దు. వాన తగిలిన శనక్కాయ బుడ్డల్లో ఆకుపచ్చ బూజు పెరిగి, అఫ్లాటాక్సిన్ అనే విషం చెక్కలో దిగుతుంది. చెక్కను ఎండబెట్టినా, ఉడకబెట్టినా పోదు. 1960లో ఇంగ్లాండులో బూజు పట్టిన శనక్కాయ చెక్క తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చినాకే ఈ విషం సంగతి లోకానికి తెలిసింది. పిల్ల ఈక రేగి, రెక్క వాల్చి, పెరగక కుంగిపోతా ఉంటే ముందు మేత గోనెలో చెయ్యిపెట్టి వాసన చూడు.

మేత తొట్టి సగానికి మించి నింపొద్దు, కాలితో గీకి మూడో వంతు ఊకపాలు చేస్తాయి. ఇంకొకటి: చెదలు. పాత కుండలో తడిపిన పేడ, గడ్డి కుక్కి చెదలు తిరిగే చోట బోర్లిస్తే తెల్లారేసరికి నిండా పడతాయి. మూడు వారాలు దాటిన పిల్లలకు అంతకన్నా మంచి మాంసం లేదు, ఖర్చు లేదు.

టీకాలు. కొక్కెర తెగులు (రాణిఖేత్) వస్తే మూడు రోజుల్లో దొడ్డి ఖాళీ అవుతుంది, మెడ తిప్పుకుని, ఆకుపచ్చగా పారుకుని చస్తాయి, మందు లేదు. ఏడో రోజు ఈ తెగులుకు వేసే లసోటా టీకా కంట్లో ఒక చుక్క, రెప్ప కొట్టి లోపలికి పోయిందాకా పట్టుకో. 14వ రోజు గంబోరో అనే ఇంకో రోగానికి టీకా, నోట్లో ఒక చుక్క. 28వ రోజు లసోటా మళ్లీ. అది తాగేనీళ్లలో ఇవ్వొచ్చు, రెండు గంటలు దప్పికగా ఉంచి, లీటరుకు అయిదు గ్రాముల పాలపొడి కలిపిన బోరునీళ్లలో. క్లోరిన్ వేసిన కుళాయి నీళ్లు టీకాను చంపేస్తాయి. ఆరు ఏడు వారాల్లో మశూచి టీకా. ఎనిమిది వారాలు నిండినాక కొక్కెర తెగులుకే ఆర్.టు.బి. టీకా, రెక్క దగ్గర చర్మం కిందికి అర మిల్లీలీటరు. దీన్ని తొందరపడి ముందే వేస్తే ఆ టీకానే కాళ్లు పడిపోయేట్టు చేస్తుంది. వారం ముందు నులిపురుగుల మందు తాగించాలి. ఆర్.టు.బి. ఆరు నెలలకోసారి మళ్లీ వేయించు, గుడ్లు పెట్టే విడతలో మాత్రం కాదు, పెట్టడం ఆపేస్తాయి. ఒక సీసాలో నూరు డోసులో ఇంకా ఎక్కువో ఉంటాయి, కలిపినాక రెండు గంటల్లో అయిపోవాలి. కాబట్టి పక్క నాలుగిళ్లవాళ్లతో మాట్లాడుకుని ఒకే రోజు పెట్టుకోండి. వాళ్ల కోళ్లకు టీకా లేకుంటే నీవాటికి వేసినా కంచె లేని చేనే. టీకాను ఐస్‌ముక్కల డబ్బాలోనే తెప్పించు, అల్లుని చొక్కా జేబులో వస్తే అది ఉత్త నీళ్లు.

మూడు నుంచి ఆరు వారాల నడుమ రెట్టలో నెత్తురు కనిపిస్తే కాక్సిడియోసిస్ అనే పేగుల రోగం. తడిసిన ఊకే దానికి పుట్టిల్లు. నీళ్లగిన్నె కింద ఇటుక పెట్టు, తడి ఊక రోజూ తీసేయి, రోజు విడిచి రోజు ఊక తిరగెయ్యి. ఆంప్రోలియం పొడి పశువైద్యశాలలో అడిగి, చెప్పిన మోతాదులో నీళ్లలో ఇవ్వు, ఒక్కపూట ఆలస్యమైనా రెండు మూడు పోతాయి. ఏ రోగమో తెలియకుండా వరసగా చస్తా ఉంటే అప్పుడే చచ్చినదాన్ని ఐస్‌లో పెట్టి డాక్టరు దగ్గరికి పంపు. మీకు ప్రొద్దుటూరు దగ్గర కాబట్టి అక్కడి పశువైద్య కళాశాల ఉండనే ఉంది. కోసి చూస్తే తేలేది ఊహతో తేలదు. మిగతా చచ్చినవాటిని లోతుగా గుంతలో సున్నం వేసి పూడ్చు, కుక్క తవ్వి పక్కింట్లో వేస్తే తగువు రెండు రకాలుగా వస్తుంది.

ఇప్పుడు నువ్వు అడిగిన అసలు పని. నాలుగైదు వారాల్లో మొదటి గుర్తు కనపడుతుంది: పుంజుపిల్ల జుట్టు, అంటే నెత్తిమీది తురాయి, ఎర్రబారి పెద్దదవుతుంది, పెట్టపిల్లది పసుపు కలిసిన లేతరంగులో చిన్నగా ఉండిపోతుంది. పుంజుకు కాళ్లు లావు, మోకాలు ఎత్తు. పెట్టపిల్లకు వీపు మీద, తోక దగ్గర ఈక ముందుగా నిండుతుంది, పుంజుపిల్ల వీపు ఇంకా బోడిగా ఉంటుంది. ఇవి గుర్తులేగానీ సాక్ష్యాలు కావు. అసీల్ అనే పందెంకోడి జాతి రక్తం కలిసిన నాటుపిల్లలకు జుట్టు మూడు వరసల బుడిపెగా అణిగి ఉంటుంది, అక్కడ జుట్టు చూసి మోసపోతావు. గ్రామప్రియ పిల్లను నాటుపిల్ల పక్కన పెట్టి పోల్చొద్దు, పెరుగుదలే వేరు. ఒకే జాతి, ఒకే రోజు లేచినవాటినే పోల్చు.

పది నుంచి పన్నెండు వారాలకు తిరుగులేని గుర్తు వస్తుంది. తోక మొదలుకు ముందు నడుము మీద ఈక పట్టుకుని వెలుతురులో చూడు. కొత్తగా మొలిచే ఈక సన్నగా, కొస సూదిగా, మెరుస్తా ఉంటే పుంజు. కొస గుండ్రంగా, వెడల్పుగా ఉంటే పెట్ట. మెడ ఈకలకూ అదే లెక్క. భుజం మీద ఎర్రమచ్చలు విడిగా తేలితే పుంజు, పెట్టకు రంగు ఒళ్లంతా ఒకే తీరుగా సర్దుకుంటుంది. కూత కోసం కాచుకోవద్దు, కొన్ని పది వారాలకే గొంతు సవరిస్తాయి, కొన్ని పెద్ద పుంజుకు భయపడి నాలుగో నెల దాకా నోరు విప్పవు.

తేలిన రోజునే పుంజుపిల్లల్ని వేరు చెయ్యి. కలిపి ఉంచితే మేత అవి తింటాయి, పెట్టపిల్లల్ని పొడిచి మూలకు తోస్తాయి. పెట్టల్లోనూ అన్నింటినీ ఉంచుకోవద్దు. రొమ్ముఎముక వంకర తిరిగినవి, కన్ను మబ్బుగా ఉన్నవి, ఎప్పుడూ ఒంటరిగా ఈక రేపుకుని నిలబడేవి తీసెయ్యి. అన్నింటికన్నా బరువైనదే మంచి పెట్ట అనుకోవద్దు. నడితరం ఒళ్లు, చురుకు, పొద్దున గూడు తెరిస్తే ముందు బయటికి దూకి, సాయంత్రం చివర లోపలికి వచ్చేది, అదీ ఏరుకోవాల్సింది.

రెండు నెలల తర్వాత బయట వదులు, పొద్దునొక గుప్పెడు సాయంత్రమొక గుప్పెడు, మొత్తం పెట్టకు 40, 50 గ్రాముల గింజ. సాయంత్రం మేత గూట్లోనే వేస్తే పిలవకుండానే వస్తాయి. వనరాజా తెస్తే ఈ నెలల్లో చెయ్యి బిగపట్టు. కొవ్వు పట్టిన పెట్ట గుడ్డు పెట్టదు, పెట్టినా గర్భం జారుతుంది. ఆరు నెలలకు రెండు, రెండుంపావు కిలోలు దాటకూడదు. లేయర్ మేత మాత్రం మొదటి గుడ్డు కనపడేదాకా పెట్టొద్దు. దాంట్లో సున్నం ఎక్కువ, పెరిగే పిల్లల మూత్రపిండాలు చెడతాయి. అట్లే గూట్లో రాత్రిళ్లు బల్బు వేయొద్దు. వెలుగు పెరిగితే ఒళ్లు పెరగకముందే గుడ్లకు వస్తాయి.

గూడు పన్నెండు కోళ్లకు ఆరడుగులు పొడుగు, నాలుగడుగులు వెడల్పు, నేలకు అడుగున్నర ఎత్తు. పొడుగు గోడలు ఉత్తరానికీ దక్షిణానికీ ఉంటే ఎండ నేరుగా లోపల పడదు. అరంగుళం కన్ను జాలీ కొట్టు, రెండంగుళాల సందు చాలు ముంగిసకు, ఒకటి తింటుంది, పదింటి గొంతు కొరుకుతుంది. వాలే కర్ర రెండంగుళాల మందం, కోడికి ఎనిమిదంగుళాల చోటు. మట్టిగోడ పగుళ్లు మెత్తి సున్నం కొట్టు. మనవైపు ఎండు నేలల్లో కోడి పిడుదులు పగలు ఆ పగుళ్లలో దాక్కుని రాత్రి వచ్చి నెత్తురు తాగుతాయి. పగలు కోడి ఒంటి మీద వెతికితే కనపడవు, అందుకే చానామంది కోడి పాలిపోతే గాలి సోకిందంటారు. చీకట్లో టార్చి పట్టి కర్ర కింద, పలక సందుల్లో చూడు. ఒక మూల బూడిద, ఇసుక, ఎండు వేపాకు కలిపి పోస్తే పొర్లాడి పేలు అవే వదిలించుకుంటాయి.

అయిదున్నర ఆరు నెలలకు జుట్టు ఎర్రబడి, వీపు మీద చెయ్యి వేస్తే రెక్కలు విప్పి కూర్చుంటుంది. గుడ్డు ద్వారం రెండు పక్కలా సన్నని ఎముకలు తగుల్తాయి. వాటి నడుమ ఒక్క వేలు పడితే ఇంకా టైముంది, రెండు వేళ్లు పడితే వారం పది రోజుల్లో గుడ్డు. దానికి ముందే అడుగు పొడుగు, అడుగు వెడల్పు పెట్టెలో గడ్డి వేసి చీకటి మూల పెట్టు, నాలుగైదు పెట్టలకు ఒకటి. లోపల సున్నం పూసిన గుండ్రాయి ఒకటి పెడితే అక్కడే పెట్టాలని తెలుసుకుంటాయి. అప్పుడు సున్నపురాయి పలుకులు, దంచిన నత్తగుల్లలు వేరే చిప్పలో పెట్టు, కావాల్సినంత అవే తింటాయి. గుడ్డు పెంకులు వేస్తే వేయించి పొడిచేసి వెయ్యి. పెంకులాగే వేస్తే గుడ్డు తినే అలవాటు పడుతుంది, ఆ అలవాటు మాన్పించడం కన్నా ఆ కోడిని కూర చేయడం తేలిక. మొదటి రెండు వారాలు గుడ్లు చిన్నవిగా, ఒక్కోసారి నెత్తురు గీత పడి వస్తాయి, భయపడొద్దు.

గ్రామప్రియ పెట్టలకు పుష్యమాసం దిక్కు గుడ్లు తగ్గితే అప్పుడు బల్బు వెయ్యి. మనవైపు ఆ రోజుల్లో పగలు పదకొండు గంటల చిల్లరే, పొద్దుగూకినాక మూడు గంటలు వెలిగిస్తే పద్నాలుగు అవుతుంది. నాటుపెట్టలకు అక్కర్లేదు.

ఒక కిటుకు రాసి ముగిస్తా. వచ్చే ఏడాది నాటుపెట్ట పొదుగుకు కూర్చుంటే దాని కింద పది పన్నెండు గుడ్లు పెట్టు. 21వ రోజుకు లేచే పిల్లలతో పాటు, అదే రోజు తెప్పించిన గ్రామప్రియ పిల్లలు నాలుగైదు రాత్రి చీకట్లో దాని రెక్క కిందికి తోసెయ్యి. ఒకరోజు పిల్లలే అయ్యుండాలి, అన్నీ కలిపి పదిహేను దాటకూడదు, పెట్టకు రెండు రోజుల ముందే పేలమందు చల్లి ఉండాలి. తెల్లవారి పొడవకుండా దగ్గరికి తీసుకుంటే బల్బు ఖర్చు లేదు, కరెంటు భయం లేదు. పొడిస్తే వెంటనే తీసి కంచెలో వెయ్యి. పిల్లలతో తిరిగే రెండు నెలలూ ఆ పెట్ట గుడ్డు పెట్టదు, అది ముందే లెక్కలో వేసుకో.

హేచరీలో పిల్లలు ఏ వారం దొరుకుతాయో కనుక్కుని జాబు రాయి. కంచెకు అట్టలు ఇక్కడ అంగట్లో అడిగి పెట్టినా, అల్లుడు ఇటొచ్చినప్పుడు తీసుకుపోమను.

ఇట్లు,
మీ పెద్దమ్మ